తక్కువ ఖర్చుతో పికప్ ట్రక్కు ఎత్తు పెంచడం: లాభనష్టాలు, పని పద్ధతి, తరువాతి లెక్కలు

పికప్ ట్రక్కు కొన్న కొత్తలో చాలామంది గమనించే విషయం, బండి ముందు భాగం వెనుక భాగం కన్నా కాస్త కిందికి వాలి ఉండటం. అది తయారీ లోపం కాదు. వెనుక తొట్టిలో బరువు వేసినప్పుడు, లేదా ట్రెయిలర్ తగిలించినప్పుడు, వెనుక భాగం దిగి బండి సమంగా నిలవాలని కంపెనీ ఉద్దేశపూర్వకంగా ఇచ్చిన వాలు అది. అయినా ఖాళీ తొట్టితో ఆఫీసుకు, కిరాణా దుకాణానికి తిరిగే మనబోటి వారికి ఆ వాలు కంటికి నచ్చదు. ముందు భాగాన్ని రెండు అంగుళాలు లేపితే బాగుంటుందనిపిస్తుంది. ఆ తరువాత వంద డాలర్లకే దొరికే కిట్టు కనిపిస్తుంది.

ఈ మార్గదర్శి ఆ వంద డాలర్ల కిట్టు గురించి. అమెరికాలో తెలుగువారి ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే పికప్‌లలో ఒకటైన టొయోటా టకోమాను, అందులోనూ 2016 నుంచి 2023 వరకు వచ్చిన తరాన్ని, ఉదాహరణగా తీసుకున్నాను. నా దగ్గర ఉన్నది కూడా అదే. ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన స్ట్రట్టు, వెనుక కమాను పట్టీలు ఉన్న ఏ ట్రక్కుకైనా ఇందులోని విషయాలు చాలావరకు వర్తిస్తాయి.

మొదటి మెట్టు: ఎత్తు ఎందుకో తేల్చుకోవడం, ఉన్న ఎత్తును కొలవడం

ఎత్తు పెంచడానికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి: చూపు, పెద్ద టైర్లకు చోటు, రాళ్ల దారుల్లో అడుగు భాగానికి తగినంత ఖాళీ. మూడోదాని విషయంలో చాలామంది పొరబడతారు. సస్పెన్షన్‌ను ఎంత లేపినా వెనుక ఇరుసు మధ్యన ఉండే డిఫరెన్షియల్ గుండు (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) అంగుళం కూడా పైకి లేవదు, ఎందుకంటే ఆ ఇరుసు చక్రాల మీదనే నిలిచి ఉంటుంది. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే, అది కూడా టైరు వ్యాసం పెరిగిన దానిలో సగమే. లిఫ్టు, అంటే ఈ ఎత్తు పెంపు, వల్ల పెరిగేది ఛాసిస్, ఇంజను అడుగు భాగం, బంపర్ల ఎత్తు. ఏటవాలు గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపరు నేలకు తగలకుండా ఉండటమే అసలైన ఉపయోగం.

కొలత తీసుకునేటప్పుడు నేల నుంచి కాక, చక్రం మధ్యబిందువు నుంచి ఫెండరు అంచు దాకా కొలవాలి. అలా కొలిస్తే టైరు గాలి, టైరు అరుగుదల లెక్కలోకి రావు. బండి సమతల నేల మీద ఉండాలి, తొట్టి ఖాళీగా ఉండాలి. నాలుగు చక్రాల కొలతలనూ కాగితం మీద రాసి డాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. పని అయిన నెల తరువాత మళ్లీ కొలిచినప్పుడు ఆ కాగితం విలువ తెలుస్తుంది. డ్రైవరు వైపు ఒక పావు అంగుళం తక్కువగా కనిపిస్తే కంగారు అవసరం లేదు. ఇంధన ట్యాంకు, డ్రైవరు ఆ వైపే ఉండే బండ్లలో అది మామూలే.

రెండో మెట్టు: చవక కిట్లలో రకాలు

ముందు భాగానికి దొరికే చవక పరికరం స్పేసరు, అంటే స్ట్రట్టు తలకు, ఛాసిస్‌కు మధ్య బిగించే అల్యూమినియం లేదా గట్టి ప్లాస్టిక్ బిళ్ల. చక్రం కదిలే దూరంలో దాదాపు సగమే స్ట్రట్టు కదులుతుంది కాబట్టి, అంగుళం మందం బిళ్ల పెడితే బండి సుమారు రెండు అంగుళాలు లేస్తుంది. కొనేటప్పుడు "రెండు అంగుళాల లిఫ్టు" అని పెట్టె మీద రాసి ఉండి, లోపల అంగుళం బిళ్ల కనిపిస్తే మోసమనుకోకండి.

దీనికి దగ్గరి బంధువు స్ప్రింగు మీద పెట్టే స్పేసరు. దీన్ని స్ట్రట్టు లోపల, కాయిల్ పైన కూర్చోబెట్టి స్ప్రింగును ముందే నొక్కి ఉంచుతారు. ఈ పని చేయాలంటే స్ప్రింగు కంప్రెసరు కావాలి. నొక్కి ఉన్న కాయిల్ జారితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో చేసుకునేవారు ఈ రకాన్ని వదిలేయడమే మేలు.

వెనుక వైపు మూడు దారులున్నాయి: కమాను పట్టీల కట్టలో మరో పట్టీ చేర్చడం, ఇరుసుకు కమానుకు మధ్య దిమ్మె పెట్టడం, కమాను చివరను ఛాసిస్‌కు కలిపే షాకిలు అనే లింకును పొడవైన దానితో మార్చడం. పట్టీ చేరిస్తే వెనుక భాగం గట్టిపడుతుంది. ఖాళీ బండి గతుకుల్లో ఎగురుతుంది, బరువు వేస్తే మాత్రం బాగుంటుంది. దిమ్మె పెడితే ప్రయాణపు మెత్తదనం మారదు, కానీ గట్టిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇరుసు మెలితిరిగే గుణం పెరుగుతుంది. ఒక దిమ్మె మీద ఇంకో దిమ్మె పెట్టడం ఎప్పుడూ చేయకూడదు. ముందు కూడా కమాను పట్టీలు ఉన్న పాత బండ్లలో ముందు ఇరుసు మీద దిమ్మె అసలే పెట్టకూడదు, ఎందుకంటే బ్రేకు వేసిన క్షణంలో ఆ ఇరుసు మీద పడే మెలి చాలా ఎక్కువ.

షెవర్లే సిల్వరాడో 2500 హెచ్‌డీ వంటి బండ్లలో ముందు కాయిల్ బదులు టార్షన్ బారు, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ, ఉంటుంది. బోల్టు తిప్పితే చాలు ఎత్తు పెరుగుతుంది కాబట్టి ఖర్చు దాదాపు ఉండదు. అయితే కింద చెప్పబోయే కోణాల చిక్కులన్నీ వాటికీ ఉంటాయి. ఇక బాడీ లిఫ్టు అన్నది ఛాసిస్ మీద నుంచి క్యాబిన్‌ను మాత్రమే లేపే పద్ధతి. అది సస్పెన్షన్‌ను తాకదు కనుక ఇక్కడ దాని చర్చ అనవసరం.

మూడో మెట్టు: బిళ్ల లోపల ఏం మారుస్తుందో అర్థం చేసుకోవడం

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవమని కోరుతున్నాను. చవక లిఫ్టు మంచిదా చెడ్డదా అన్న వాదనలన్నీ ఇక్కడే తేలతాయి.

స్ట్రట్టు తల మీద బిళ్ల పెట్టినప్పుడు స్ప్రింగు మారదు, షాకు మారదు, కాబట్టి మామూలు రోడ్డు మీద ప్రయాణం ఇంచుమించు మునుపటిలాగే ఉంటుంది. ఇది ఈ పద్ధతికి ఉన్న నిజమైన మంచి గుణం. మారేది చక్రం కదలికకు ఉన్న హద్దులు. కంపెనీ బండిలో చక్రం కిందికి వేలాడినప్పుడు దాన్ని ఆపేది షాకు పూర్తి పొడవు. అంగుళంన్నర బిళ్ల పెడితే ఆ షాకు మొత్తం అంగుళంన్నర కిందికి దిగుతుంది, దాంతో చక్రం ఇంతకు ముందెన్నడూ వెళ్లని మూడు అంగుళాల దిగువకు వెళ్లగలుగుతుంది. ఆ దిగువన బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రానికి కలిపే గుండ్రటి కీలు) తన కోణపు హద్దు దాటుతుంది, యాక్సిల్ (ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ) జాయింట్ మెలి పెరుగుతుంది, పై కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపి పైకీ కిందికీ కదలనిచ్చే చేయి) వచ్చి కాయిల్‌కు తగులుతుంది. టకోమాలో మూడు అంగుళాల స్పేసరు లిఫ్టు వేసినవారు పై ఆర్మ్ మీద, స్ప్రింగు మీద మెరుస్తున్న గీతలు చూసి ఆశ్చర్యపోవడం ఇందువల్లనే.

చక్రం పైకి వచ్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. కింది ఆర్మ్‌ను ఆపే రబ్బరు దిమ్మె ఉన్నచోటనే ఉంటుంది, కానీ స్ట్రట్టు బిళ్ల మందమంత పొడవెక్కింది. కొన్ని బండ్లలో రబ్బరుకు తగలక ముందే షాకు లోపలి పిస్టన్ అడుగుకు కొడుతుంది. వేగంగా పెద్ద గుంతలో పడినప్పుడు ఇనుము మీద ఇనుము మోగిన శబ్దం వస్తే అర్థం అదే.

స్ప్రింగు మీద పెట్టే స్పేసరు దీనికి విరుద్ధంగా పనిచేస్తుంది. షాకు పొడవు మారదు కాబట్టి చక్రం కంపెనీ హద్దు దాటదు, జాయింట్లకు అదనపు ప్రమాదం లేదు. అయితే బండి ఎప్పుడూ షాకు పూర్తిగా సాగే హద్దుకు దగ్గరగా నిలబడటం వల్ల కిందికి వెళ్లే ప్రయాణం తగ్గిపోతుంది, స్పీడ్ బ్రేకరు దిగినప్పుడల్లా టక్కుమనే దెబ్బ చేతికి తెలుస్తుంది.

ఈ రెండింటినీ తూచి చూస్తే, కంపెనీ స్ట్రట్టు మీద తల బిళ్లతో రెండు అంగుళాల దాకా వెళ్లడం సమంజసమని, రెండున్నర దగ్గర జాగ్రత్త అవసరమని, మూడు అంగుళాలకు బిళ్ల సరైన సాధనం కాదని నా అభిప్రాయం. మూడు కావాలంటే ఆ ఎత్తు కోసమే తయారైన పొడవాటి షాకు, స్ప్రింగు, కొత్త పై ఆర్మ్‌లు కొనాలి.

నాలుగో మెట్టు: అసలు ఖర్చు రాసుకోవడం

కిట్టు ధర అరవై నుంచి నూట యాభై డాలర్లు, వెనుక దిమ్మెలు కూడా కలిస్తే రెండు, మూడు వందలు. ఇక్కడితో ఆగిపోయినట్టు చాలామంది లెక్క వేసుకుంటారు. వీల్ అలైన్‌మెంట్‌కు, అంటే చక్రాల కోణాలు సరిచేయడానికి, వంద నుంచి నూట ఎనభై అవుతుంది. ఇది ఐచ్ఛికం కాదు. మెకానిక్ చేత చేయిస్తే కూలి మూడు నుంచి ఆరు వందలు. అలైన్‌మెంట్ హద్దుల్లోకి రాకపోతే పై కంట్రోల్ ఆర్మ్‌లకు జత నాలుగు నుంచి ఏడు వందలు. యాక్సిల్ జాయింట్‌లోని గ్రీజును పట్టి ఉంచే రబ్బరు బూటు చిరిగితే అది వేరు. ఇవి నేను బేరమాడిన, విచారించిన ధరలు, ఊరిని బట్టి మారతాయి.

అన్నీ కూడితే వంద డాలర్ల లిఫ్టు కొందరికి వెయ్యి దాటుతుంది. స్ప్రింగు, షాకు కలిసిన నాణ్యమైన సెట్టు దాదాపు అదే ధరకు వస్తుంది. అందుకని కొనేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఉన్న షాకులు ఎన్ని మైళ్లు తిరిగాయి? ఎనభై వేల మైళ్లు దాటిన షాకు మీద కొత్త బిళ్ల పెట్టడం దండగ. కొత్త బండి మీద, ఇరవై వేల మైళ్ల లోపు, రెండు అంగుళాల లోపు, రోడ్డు వాడకానికి మాత్రం చవక బిళ్ల నిజంగానే చవకగా తేలుతుంది. ఆర్థికంగా దాని చోటు అదే.

ఐదో మెట్టు: భద్రత, చట్టం, వారంటీ

బండి ఎత్తు పెరిగితే గురుత్వ కేంద్రం పెరుగుతుంది. బోల్తా పడే గుణాన్ని అంచనా వేయడానికి అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ వాడే సూత్రం సులువైనది: రెండు చక్రాల మధ్య వెడల్పును గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించడం. మచ్చుకు వెడల్పు 63 అంగుళాలు, కేంద్రం ఎత్తు 27 అనుకుంటే 1.17 వస్తుంది; ఈ అంకె తగ్గేకొద్దీ బోల్తా ముప్పు పెరుగుతుంది. కేంద్రం రెండు అంగుళాలు లేస్తే 1.09కి పడిపోతుంది. అంకె చిన్నదిగా కనిపిస్తుంది కానీ, హైవే మీద అడ్డొచ్చిన జింకను తప్పించే క్షణంలో ఆ తేడా స్టీరింగులో తెలుస్తుంది.

లిఫ్టు వేసినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరులో రాసినదే ఇప్పటికీ హద్దు. ముందు భాగం మాత్రమే లేపి ట్రెయిలరు తగిలిస్తే ముక్కు ఆకాశం చూస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడతాయి. ముందు ఎత్తి వెనుక దించే వేలంవెర్రిని అరికట్టడానికి నార్త్ కరోలినా రాష్ట్రం, ముందు ఫెండరు వెనుక ఫెండరు కన్నా నాలుగు అంగుళాలు లేదా అంతకు మించి ఎత్తులో ఉండేలా మార్చిన బండ్లను 2021 డిసెంబరు 1 నుంచి నిషేధించింది. బంపరు ఎత్తు, ఫెండరు ఎత్తు మీద నియమాలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి కాబట్టి మీ రాష్ట్రం నియమం చదివాకే కిట్టు కొనండి.

1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం ప్రకారం బయటి భాగం వాడినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు కాదు. చెడిపోవడానికి ఆ భాగమే కారణమని చూపితేనే కంపెనీ ఆ మరమ్మతును నిరాకరించగలదు. అంటే రేడియో చెడితే లిఫ్టును కారణంగా చెప్పలేరు, యాక్సిల్ బూటు చిరిగితే చెప్పగలరు. బీమా సంస్థకు మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పడం ఉచితం, ప్రమాదం తరువాత చెప్పడం చాలా ఖరీదు.

స్వదేశంలో శ్రీసిటీలో తయారైన ఇసుజు వీ-క్రాస్ గానీ, టొయోటా హైలక్స్ గానీ నడిపే బంధువులు ఈ పద్ధతి గురించి అడుగుతుంటారు. అక్కడ సంగతి వేరు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధనను గట్టిగా సమర్థించింది. రవాణా శాఖ కార్యాలయంలో అడగకుండా అక్కడ ముందడుగు వేయవద్దు.

ఆరో మెట్టు: ముందు భాగం బిగించే క్రమం

ముందురోజే తుప్పు పట్టిన బోల్టులన్నిటి మీదా తుప్పు వదిలించే నూనె చల్లి పెట్టండి. సర్వీస్ మాన్యువల్‌లోని టార్కు విలువలు, అంటే ఒక్కో బోల్టును ఎంత బలంతో బిగించాలో చెప్పే అంకెలు, రాసుకోండి. నట్టు ఊడిపోకుండా అడ్డం పెట్టే కాటర్ పిన్నులు కొత్తవి దగ్గర ఉంచుకోండి.

బండిని సమతల కాంక్రీటు మీద నిలిపి, వెనుక చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టి, ముందు ఛాసిస్‌ను జాకీతో లేపి రెండు వైపులా జాక్ స్టాండ్ల మీద దించండి. జాకీ మీద మాత్రమే ఆనించి ఉన్న బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు. చక్రాలు తీశాక స్టెబిలైజరు బారు (మలుపుల్లో బండి వాలకుండా రెండు చక్రాలనూ కలిపే కడ్డీ) లింకులను రెండు వైపులా ఒకేసారి విప్పండి. ఒక వైపే విప్పితే ఆ బారు మెలి కారణంగా ఆర్మ్ కిందికి దిగదు. ఏబీఎస్ తీగను, బ్రేకు గొట్టాన్ని పట్టి ఉంచే చిన్న క్లాంపులు తీయండి. ఇవి మరచి ఆర్మ్‌ను దించితే తీగ తెగుతుంది.

పై బాల్ జాయింట్ నట్టును చివరి రెండు మరల దాకా వదులు చేసి, నకిల్‌ను, అంటే చక్రాన్ని మోసే ఉక్కు భాగాన్ని, పక్క నుంచి సుత్తితో కొడితే జాయింట్ వదులుతుంది. ఆ తరువాతే నట్టు పూర్తిగా తీసి, నకిల్ బయటికి వాలి యాక్సిల్ లోపలి జాయింట్ ఊడిపోకుండా తాడుతో కట్టండి. స్ట్రట్టు కింది బోల్టు, పై మూడు నట్లు విప్పితే స్ట్రట్టు బయటికి వస్తుంది. పైన మధ్యలో ఉండే పెద్ద నట్టును మాత్రం ఏ పరిస్థితిలోనూ ముట్టకూడదు, ఎందుకంటే నొక్కి ఉన్న స్ప్రింగును పట్టి ఉంచేది అదే. బిళ్లను మూడు బోల్టుల మీద కూర్చోబెట్టి, కిట్టుతో వచ్చిన నట్లు బిగించి, అదే క్రమాన్ని వెనక్కి చేసుకుంటూ రండి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటిసారి కింది స్ట్రట్టు బోల్టును, కంట్రోల్ ఆర్మ్ బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగానే పూర్తి టార్కుకు బిగించాను. ఆ బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్షులు తిరగవు, మెలితిరుగుతాయి. వేలాడే స్థితిలో బిగిస్తే బండి నేల మీదికి దిగిన క్షణం నుంచీ అవి మెలిపడే ఉంటాయి. ఏడాది తిరక్కముందే చిరిగిన బుష్షు కిర్రుకిర్రుమని నా తప్పును ప్రతి మలుపులోనూ గుర్తు చేసింది. ఆ బోల్టులను వేలితో తిరిగేంత వదులుగా ఉంచి, చక్రాలు తొడిగి, బండిని నేలకు దించి, ముందుకు వెనక్కు పది అడుగులు కదిపి, అప్పుడు బిగించాలి.

వెనుక భాగానికి ఛాసిస్‌ను స్టాండ్ల మీద ఉంచి, ఇరుసును జాకీతో పట్టి, ఇరుసును కమానుకు బిగించే యూ బోల్టులను ఒక్కొక్క వైపు మాత్రమే విప్పండి. పాత యూ బోల్టులు మళ్లీ వాడకూడదు. ఒకసారి బిగిసి సాగిన బోల్టు రెండోసారి అంత పట్టు ఇవ్వదు. కొత్తవాటిని నాలుగు మూలలూ సమంగా, కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి. వెనుక బ్రేకు గొట్టం ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకుపోకుండా ఉందో లేదో చూడండి. కొన్ని బండ్లలో వెనుక ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య ఒక కడ్డీతో పనిచేసే బ్రేకు కవాటం ఉంటుంది. వెనుక ఎత్తు పెరిగితే తొట్టి ఖాళీగా ఉందనుకుని అది వెనుక బ్రేకును తగ్గిస్తుంది, కాబట్టి దాని కడ్డీని కూడా సర్దాలి.

ఏడో మెట్టు: రోడ్డెక్కిన తరువాత

అలైన్‌మెంట్ దుకాణానికి నేరుగా, నెమ్మదిగా వెళ్లండి. అక్కడ ఇచ్చే కాగితంలో పచ్చరంగు అంకెలు చూసి సంతృప్తి పడక, కాస్టరు (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) అంకె చదవండి. ఎత్తు పెరిగినప్పుడు కాస్టరు తగ్గుతుంది, అది తగ్గితే మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను మధ్యకు రాదు, హైవే మీద బండి అటూ ఇటూ తచ్చాడుతుంది. ఉన్న సర్దుబాటుతో కాస్టరు హద్దులోకి రాకపోతే పై ఆర్మ్‌లు మార్చాల్సిందే. నేను మొదట వెళ్లిన ఒక దుకాణంలో టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) మాత్రమే సరిచేసి పంపారు. ఎనిమిది వేల మైళ్లకే ముందు టైర్ల అంచులు రంపపు పళ్లలా అరిగిపోయాయి.

గోడకు ఇరవై అయిదు అడుగుల దూరంలో బండి నిలిపి హెడ్‌లైట్ల కోణం దించండి. ముందు కెమెరా, రాడారు ఉన్న బండ్లకు డీలరు దగ్గర సర్దుబాటు అవసరమో అడగండి. యాభై మైళ్ల వేగం దగ్గర అడుగు నుంచి వణుకు వస్తే గేర్‌బాక్సు నుంచి వెనుక ఇరుసుకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాన్ని అనుమానించాలి. రెండు ముక్కల షాఫ్ట్ ఉన్న బండ్లలో సెంటర్ బేరింగును కొంచెం కిందికి దించే బిళ్లలతో ఇది తరచు పోతుంది.

పెద్ద టైర్లు వేస్తే స్పీడోమీటరు తప్పు చెబుతుంది. 265/70 ఆర్ 16 టైరు వ్యాసం 30.6 అంగుళాలు, 285/75 ఆర్ 16 వ్యాసం 32.8. మీటరు అరవై చూపినప్పుడు బండి నిజానికి అరవై నాలుగు మైళ్ల పైన పోతుంటుంది. ఈ సంగతి పోలీసు అధికారికి వివరించడం అంత తేలిక కాదు.

అయిదు వందల మైళ్ల తరువాత యూ బోల్టులు, స్ట్రట్టు నట్లు, చక్రాల నట్లు మళ్లీ టార్కు చూడండి. ఆ తరువాత ఆయిలు మార్చిన ప్రతిసారీ టార్చిలైటు తీసుకుని యాక్సిల్ బూట్ల మడతల్లో పగుళ్లు, గ్రీజు చిందిన మరకలు, పై ఆర్మ్‌కు కాయిల్‌కు మధ్య ఖాళీ వెతకండి. వేలు దూరనంత ఖాళీ ఉంటే బిళ్ల ఎక్కువైనట్టే.

మా బండికి మొదట వేసినది మూడు అంగుళాల కిట్టు. ఆర్మ్ మీద ఆ మెరిసే గీత కనిపించిన శనివారమే దాన్ని విప్పి, అంగుళానికి కాస్త తక్కువ మందం బిళ్ల పెట్టాను. ముందు ఎత్తు అంగుళంన్నర పైచిలుకు మిగిలింది, వెనుక దిమ్మెలు తీసేశాను. కంపెనీ ఇచ్చిన నట్లు, పాత క్లాంపులు ఒక డబ్బాలో వేసి గ్యారేజీ అరలో ఉంచాను. బండి అమ్మే రోజున కొనేవారు లిఫ్టు వద్దంటే ఒక పూటలో పాత స్థితికి తేవచ్చు.